ఆ అరవై దినాలు



మొన్న ఒక ఆదివారం ఆరాధన ముగిసిన తరువాత మా సంఘానికి చెందిన ఒక పెద్దాయన నన్ను పక్కకు పిలిచాడు. చేతిలో మడిచిన కాగితం ఉంది.

"అయ్యగారూ, మా మనవరాలిని చుట్టాలకు పెంపకానికి ఇచ్చేస్తా ఉండాము. నూరు రూపాయల బాండు పేపరు తెచ్చినా. మీరొక సాక్షి సంతకం పెట్టి, ప్రార్థన చేసి పంపిచ్చండి" అన్నాడు.

"పాప తల్లి ఏమంటుంది?" అని అడిగాను.

"ఆయమ్మ కువైట్‌లో ఉండాది గదా అయ్యగారూ. ఆమెను అడిగేదేముంది?"

నేను జేబులోనుండి తీసిన పెన్ను మరల జేబులోనే పెట్టుకున్నాను. ఆయన మనసు నొచ్చుకున్నాడు. అయితే ఆ పెన్ను వెనక్కు పోవడానికి ఒక కారణం ఉంది. సుమారు పదేళ్ల కిందట ఇలాంటి కాగితం మీదనే నేనొకసారి సంతకం చేశాను. ఆ సంగతిని ఈ నెల సిగ్గు విడిచి మీ ముందు పెడుతున్నాను. మనుషుల పేర్లు, ఊరి పేర్లు రాయను.

ఆమె వేరుశనగ చేలల్లో కూలికి పోయేది. ఇద్దరు ఆడపిల్లలు. మూడవసారి కడుపుతో ఉండగా భర్త బెంగళూరు పోయి మరల రాలేదు. మూడవది కూడ ఆడపిల్లే పుట్టింది. ఆ ఏడు వాన లేదు, పని లేదు. మరో మండలంలో పెండ్లయి పన్నెండేళ్లయినా పిల్లలు లేని దంపతులు ఉన్నారు. మంచివారు, ప్రార్థనాపరులు. సంఘపెద్దలు ఇద్దరినీ కలిపారు. డబ్బు చేతులు మారలేదు. నోటరీ ముద్ర వేశాడు. నేను సాక్షి సంతకం చేసి, బిడ్డ తలమీద చెయ్యి పెట్టి ప్రార్థించాను. బిడ్డ బతుకుతుంది, తల్లికి బరువు తగ్గుతుంది, గొడ్రాలు అనిపించుకున్న ఆమె ఒడి నిండుతుంది అని సంతోషించాను.

ఆ తల్లి తరువాత కువైట్‌కు పోయి ఇంటిపనిలో కుదిరింది. నాలుగేళ్లు కష్టపడి అప్పులు తీర్చి తిరిగి వచ్చింది. వచ్చిన మూడవ రోజే నా ఇంటి ముందు నిలబడి, "అయ్యగారూ, నా బిడ్డను నాకిప్పిచ్చండి" అంది. అప్పటికి ఆ పాపకు ఆరేళ్లు. పెంచిన తల్లి కొంగు వెనుక దాక్కొని చూసింది. ఇద్దరు తల్లుల చేతుల్లోనూ ఒకే కాగితం నకలు ఉంది. రెండింటి మీదా నా సంతకమే.

మేము రాయచోటిలో ఒక వకీలు దగ్గరకు పోయాము. ఆయన కాగితం చదివి, కళ్లజోడు తీసి, "ఈ కాగితంతో కన్నతల్లికి హక్కు పోలేదు, పెంచినవాళ్లకు హక్కు రాలేదు, బిడ్డకు చట్టరీత్యా తల్లీ తండ్రీ మారలేదు. రేపు పెంచినాయన పోతే ఆస్తిలో ఈ పాపకు సెంటు భూమి రాదు" అన్నాడు. చివరకు సంగతి బాలల సంక్షేమ కమిటీ ముందుకు పోయింది. నేను తల దించుకొని ఆ సంతకం నాదేనని ఒప్పుకున్నాను.

సొలొమోను రాజు ముందు నిలిచిన ఇద్దరు స్త్రీలలో ఒకతె అబద్ధమాడింది (1 రాజులు 3వ అధ్యాయము). మా సంగతిలో ఇద్దరూ నిజమే చెప్పారు. అబద్ధం ఆ కాగితంలో ఉంది. నెలల తరబడి మాటలు, కన్నీళ్లు అయిన తరువాత ఆ పాప కన్నతల్లి దగ్గరకు చేరింది. పెంచినమ్మ ప్రతి క్రిస్మస్‌కు గౌను కుట్టించి పంపుతుంది. ఆ గౌను చూసినప్పుడెల్లా నా సంతకం నాకు గుర్తుకు వస్తుంది.

అసలు తల్లిదండ్రుల హక్కు ఎప్పుడు తీరిపోతుంది? ఇది మన ఇండ్లలో తెలియని సంగతి గనుక కొంచెం వివరంగా రాస్తాను.

మన పక్కింటి హిందూ కుటుంబాలకు 1956 నాటి దత్తత చట్టం ఉంది. దాని ప్రకారం కన్నవారు బిడ్డను ఇస్తారు, పెంచేవారు తీసుకుంటారు, దత్తపత్రం రిజిస్టరు చేయించుకుంటారు. అది చూచి మనమూ అలాగే చేయవచ్చు అనుకుంటాము. ఆ చట్టం క్రైస్తవులకు వర్తించదు. మనకు చాలాకాలం 1890 నాటి గార్డియన్ చట్టమే దిక్కు. దానితో బిడ్డ మేజరయ్యే వరకు సంరక్షకులమే అవుతాము గాని తల్లిదండ్రులము కాము. బాల న్యాయ చట్టం వచ్చిన తరువాతనే క్రైస్తవులకు కూడ పూర్తి దత్తతకు దారి తెరుచుకుంది. ఏ మతం వారైనా దాని కింద దత్తత తీసుకోవచ్చునని 2014 ఫిబ్రవరిలో షబ్నం హష్మీ కేసులో సుప్రీం కోర్టు తేల్చి చెప్పింది. ఇప్పుడు నడుస్తున్నది 2015 నాటి బాల న్యాయ చట్టం.

ఆ చట్టం ప్రకారం బయటివారికి దత్తతకు ఇవ్వాలంటే ముందు ఆ బిడ్డను "చట్టరీత్యా దత్తతకు స్వేచ్ఛ గలది" అని బాలల సంక్షేమ కమిటీ ప్రకటించాలి. ఆ నిర్ణయంలో కనీసం ముగ్గురు సభ్యులు ఉండాలి. అలా ప్రకటించడానికి ముఖ్యంగా మూడు దారులు. బిడ్డ అనాథ కావాలి. లేదా విడిచిపెట్టబడిన బిడ్డ అని విచారణలో తేలాలి. లేదా కన్నవారే కమిటీ ముందుకు వచ్చి అప్పగించాలి. దిక్కులేక దొరికిన బిడ్డ విషయంలో కన్నవారి కోసం వెదకాలి. బిడ్డకు రెండేళ్ల లోపు వయసైతే రెండు నెలల్లో, అంతకు మించితే నాలుగు నెలల్లో తేల్చాలి. ఆ తరువాత దత్తత ఉత్తర్వు వస్తుంది. 2022 సెప్టెంబరు 1 నుండి ఆ ఉత్తర్వు కోర్టుకు బదులు జిల్లా కలెక్టరు ఇస్తున్నారు. ఆ ఉత్తర్వుతో పాత బంధం చట్టరీత్యా తెగుతుంది, కొత్త బంధం పుడుతుంది. నోటరీ ముద్రతో కాదు, పంచాయితీ తీర్మానంతో కాదు, పాస్టరుగారి ప్రార్థనతో కూడ కాదు.

అప్పగించే తల్లికి చట్టం ఒక గడువు ఇచ్చింది. ఆమె పత్రం మీద సంతకం చేసిన తరువాత రెండు నెలలు, అంటే అరవై దినాలు, మనసు మార్చుకోవచ్చు. ఆ అరవై దినాలు బిడ్డ కమిటీ పర్యవేక్షణలో తల్లి దగ్గరే ఉండవచ్చు. లేదా ఆరేళ్ల లోపు బిడ్డయితే దత్తత సంస్థలో, పెద్దదైతే బాలల గృహంలో ఉంచుతారు. గడువులోపల తల్లి వచ్చి "నా బిడ్డ నాకు కావాలి" అంటే మన ఊళ్లో లాగ "సంతకం పెట్టినావు గదా" అని ఎవరూ ఎత్తిపొడవడానికి లేదు. భార్యాభర్తలుగా ఉన్నవారైతే ఇద్దరూ సంతకం చేయాలి. పెండ్లి కాకుండ కన్న ఆడపిల్లయితే ఆమె ఒక్కతే అప్పగించవచ్చు, ఆమె పేరు గుట్టుగా ఉంచుతారు.

ఈ గడువు ఊరికే వచ్చింది కాదు. 1984లో లక్ష్మీకాంత్ పాండే కేసులో, విదేశాలకు పోయే పిల్లల సంగతి విచారిస్తూ, కన్నవారికి ఆలోచించుకొనుటకు తగిన సమయం ఉండాలని సుప్రీం కోర్టు సూచించింది. 2000 నాటి చట్టం తిరిగి ఆలోచించుకొనుటకు రెండు నెలల గడువు పెట్టింది. అయితే కాగితం మీద గడువు ఉన్నంత మాత్రాన తల్లికి న్యాయం జరగదని మన రాష్ట్రమే రుజువు చేసింది. 1999లోను, మరల 2001లోను ఆనాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఒక ఘోరం బయటపడింది. నల్లగొండ, రంగారెడ్డి వంటి జిల్లాల లంబాడీ తండాలలో పుట్టిన ఆడశిశువులను కొద్దిపాటి డబ్బుకు దళారులు కొన్నారు. తల్లుల వేలిముద్రలతో అప్పగింత పత్రాలు సృష్టించి, దత్తత సంస్థల ద్వారా విదేశాలకు పంపే వ్యాపారం నడిపారు. ప్రభుత్వం ఆ సంస్థల నుండి శిశువులను హైదరాబాదులోని శిశువిహార్‌కు తరలించింది. ఆ సంస్థలలో కొన్ని క్రైస్తవ పేర్లు పెట్టుకొన్నవే. ఇది చదివి బాధపడితే మంచిదే, నేను కూడ బాధపడే రాస్తున్నాను. 2001లో రాష్ట్ర ప్రభుత్వం పేదరికం, ఆడపిల్ల, సంతానం ఎక్కువ అనే కారణాలతో బిడ్డలను అప్పగించడాన్ని నిషేధిస్తూ ఉత్తర్వు తెచ్చింది.

చదువు రాని తల్లి చేతి బొటనవేలికి సిరా పూసి పత్రం మీద నొక్కితే ఆమె ఒప్పుకున్నట్టు అవుతుందా? ఆమె భాషలో ఎవరు చదివి వినిపించారు? గడువు ఉందని ఎవరు చెప్పారు? ఈ ప్రశ్నలు తండాలలో ఎవరూ అడగలేదు. ఆ రోజు నేనూ అడగలేదు.

ఇప్పుడు రెండవ వైపు చూద్దాము. తల్లిదండ్రుల హక్కును ఎన్నటికీ ముట్టుకోకూడదు అనడం కూడ తప్పే. హాస్టళ్లలో, బాలల గృహాలలో కొందరు పిల్లలు ఉన్నారు. రిజిస్టరులో తల్లి పేరు ఉంటుంది, తండ్రి పేరు ఉంటుంది. వారు మాత్రం రారు. సంక్రాంతికి రారు, క్రిస్మస్‌కు రారు, జ్వరమొస్తే రారు. తల్లిదండ్రులు ఉన్నారు గనుక ఆ బిడ్డ అనాథ కాదు. వారు అప్పగించలేదు, విడిచిపెట్టారని ఎవరూ తేల్చలేదు. ఆలాగు ఆ బిడ్డ ఎవరికీ చెందకుండ పదేళ్లు పెరిగి, పద్దెనిమిది నిండగానే గేటు బయటకు వస్తుంది. పెద్దవారికి ఒక ఏడాది ఒక పంట. చంటిబిడ్డకు ఒక ఏడాది ఒక జన్మ.

ఇతర దేశాలు దీనిని ఎలా చూశాయి? అమెరికాలో 1997లో ఒక చట్టం చేశారు. గడచిన 22 నెలల్లో 15 నెలలు బిడ్డ ప్రభుత్వ సంరక్షణలో ఉంటే, కొన్ని మినహాయింపులు తప్ప, తల్లిదండ్రుల హక్కును రద్దు చేయమని రాష్ట్రమే కోర్టుకు పోవాలి అన్నారు. దానివలన కొందరు బిడ్డలకు స్థిరమైన ఇల్లు దొరికింది. కాని బీదవారు, నల్లజాతివారు, జైలులో ఉన్న తల్లులు బిడ్డలను పోగొట్టుకున్నారన్న ఫిర్యాదు నేటికీ ఉంది. అంతకుముందు అక్కడి ఆదివాసుల బిడ్డలను ఎంతగా తీసుకుపోయారంటే, వారిని కాపాడుటకు 1978లో ప్రత్యేక చట్టమే చేయవలసి వచ్చింది. బలమైన, స్పష్టమైన రుజువు లేకుండ కన్నవారి హక్కును తెంచకూడదని 1982లో వారి సుప్రీం కోర్టు చెప్పింది. గడియారం ఒక్కటే న్యాయాధిపతి కాకూడదని ఆ అనుభవం మనకు నేర్పుతుంది.

మన చట్టంలో కూడ మార్పు రావాలని నేను కోరుతున్నాను. నా మనసులో మూడు సంగతులు ఉన్నాయి.

మొదటిది, సంతకానికి ముందే తల్లికి ఒక వకీలు ఉండాలి, సంతకం తరువాత కాదు. స్త్రీలకు, పిల్లలకు, షెడ్యూల్డు కులాలు తెగల వారికి ఉచిత న్యాయ సహాయం 1987 నాటి చట్టంలోనే ఉంది. అప్పగింత జరిగే ప్రతి చోటా దానిని తప్పనిసరి చేయాలి.

రెండవది, గల్ఫ్‌లో ఉన్న తల్లిని వినకుండ ఏదీ తేల్చకూడదు. రాయచోటి, గాలివీడు, లక్కిరెడ్డిపల్లె, చిన్నమండెం ప్రాంతాల నుండి కువైట్‌కు పోయిన తల్లులు తమ బిడ్డలను విడిచిపెట్టి పోలేదు, ఆ బిడ్డల కోసమే పోయారు. పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉన్న తల్లి రాలేకపోతే అది విడిచిపెట్టడం కాదు. భారత రాయబార కార్యాలయం ద్వారా, వీడియో ద్వారా ఆమె మాట వినే ఏర్పాటు నియమాలలోనే ఉండాలి.

మూడవది, నిజంగా రాని తల్లిదండ్రుల విషయంలో ఒక స్పష్టమైన గడువు ఉండాలి. బిడ్డను చూడడానికి ఎవరు ఎప్పుడు వచ్చారో రాసిపెట్టాలి. నోటీసు పంపాలి, సహాయం చేస్తామని చెప్పాలి, చుట్టాలను వెదకాలి. ఇవన్నీ చేసినా రాకపోతే, అప్పుడు బిడ్డకు మరొక ఇల్లు వెదకాలి. ఆ వరుస తలక్రిందులు కాకూడదు.

బీదతనం ఒక్కటే కారణమైతే మాత్రం బంధాన్ని తెంచవద్దు. 2022 నుండి మిషన్ వాత్సల్య పథకంలో కష్టంలో ఉన్న బిడ్డకు ఇంటిలోనే పెరుగుటకు నెలకు 4,000 రూపాయల సహాయం ఉంది. గ్రామాలలో కుటుంబ ఆదాయం ఏడాదికి 72,000 రూపాయలకు మించకూడదు. భర్త చనిపోయిన లేదా విడిచిపెట్టిన తల్లుల బిడ్డలు దీనికి తగినవారు. దరఖాస్తు జిల్లా బాలల సంరక్షణ విభాగంలో ఇవ్వాలి. ఆ కూలితల్లికి ఆ రోజుల్లో నెలకు నాలుగు వేలు ఎవరైనా ఇచ్చి ఉంటే ఆ బాండు పేపరు పుట్టేది కాదు.

బిడ్డను చిన్నమ్మకో పెద్దమ్మకో ఇవ్వాలనుకునే ఇండ్లు మనలో చాలా ఉన్నాయి. దానికి కూడ దారి ఉంది. కన్నవారి తోబుట్టువులు, అంటే పెదనాన్న, చిన్నాన్న, మేనత్త, మేనమామ, పెద్దమ్మ, చిన్నమ్మ, వీరితో పాటు తాతలు, అవ్వలు బిడ్డను చట్టరీత్యా దత్తత తీసుకోవచ్చు. మతం అడ్డు కాదు. కన్నవారి ఒప్పుదల రాతమూలకంగా ఉండాలి. దరఖాస్తు కేంద్ర దత్తత సంస్థ అయిన కారా వారి ఆన్‌లైన్ పోర్టల్‌లో పెట్టాలి, కలెక్టరు ఉత్తర్వు రావాలి. అంతకంటె దూరపు చుట్టరికం ఈ లెక్కలోకి రాదు.

చట్టం మీరితే ఏమవుతుందో కూడ చెప్పడం నా బాధ్యత. అనాథను గాని, విడిచిపెట్టబడిన లేదా అప్పగింపబడిన బిడ్డను గాని పద్ధతి తప్పి దత్తతకు ఇచ్చినవారికీ పుచ్చుకున్నవారికీ మూడేళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. బిడ్డను అమ్మినా కొన్నా ఐదేళ్ల వరకు కఠిన శిక్ష, లక్ష జరిమానా. ఆసుపత్రివారే ఆ పని చేస్తే మూడేళ్లకు తగ్గకుండ ఏడేళ్ల వరకు. గుడి మెట్ల మీదనో చర్చి వాకిట్లోనో బిడ్డ దొరికితే ప్రయాణ సమయం పోగా 24 గంటల్లో పోలీసులకు గాని, 1098 నంబరుకు గాని, కమిటీకి గాని తెలియజేయాలి. "దేవుడే మనకు ఇచ్చాడు" అని ఇంట్లో ఉంచుకోకూడదు.

ప్రియులారా, నిర్గమకాండము 2వ అధ్యాయము మరల చదవండి. మోషే తల్లి బిడ్డను మూడు నెలలు దాచింది. ఇక దాచలేనప్పుడు జమ్ముపెట్టెలో పెట్టి ఏటి ఒడ్డున జమ్ములో ఉంచింది. ఆమెను పాషాణ హృదయురాలని ఎవరంటారు? అయితే మనం త్వరగా దాటిపోయే మనిషి ఒకతె అక్కడ ఉంది. బిడ్డ అక్క దూరాన నిలిచి చూస్తూ ఉంది. సమయానికి ముందుకు వచ్చి మాటాడింది. దానివలన కన్నతల్లే జీతం పుచ్చుకొని తన బిడ్డకు పాలిచ్చి పెంచింది. తరువాత సమయం వచ్చినప్పుడు తానే తీసుకొనిపోయి ఫరో కుమార్తెకు అప్పగించింది. ఆ అప్పగింతలో బలవంతం లేదు, తొందర లేదు.

సంఘం చేయవలసింది ఆ అక్క పని. మనం తల్లికి తీర్పరులం కాము, దళారులం అంతకన్నా కాము. ఆ అరవై దినాలు ఆమె ఇంటికి పోయి రావాలి. బియ్యం ఇవ్వాలి, పాలు ఇవ్వాలి, ఆఫీసుకు తోడు పోవాలి. అన్నీ విన్న తరువాత కూడ ఆమె బిడ్డను అప్పగించాలనుకుంటే ఆమెను నిందించకుండ ఆరాధనలో పక్కన కూర్చోబెట్టుకోవాలి. పిల్లలు లేని దంపతులకు కూడ సరైన దారి చూపాలి. వరుసలో కొన్నేళ్లు వేచి ఉండవలసి రావచ్చు. వేచి ఉండి తెచ్చుకున్న బిడ్డను ఎవరూ వచ్చి అడగరు.

ఇక ఆ పెద్దాయన సంగతి. ఆ చుట్టాలు ఆయన పినతండ్రి మనుమలు, చట్టం ఒప్పే దగ్గరి వరుస కాదు. ఆ సాయంత్రం మా ఇంట్లోనే కూర్చొని ఆయన ఫోన్ నుండి కువైట్‌కు వాట్సాప్‌లో కలిపాము. ఆ తల్లి వంటింటి మూలలో నిలబడి చిన్న గొంతుతో మాటాడింది. సంగతి విని కొంతసేపు ఏమీ అనలేదు. తరువాత, "నాయనా, పాప రాత్రిపూట పాలు తాగతాందా?" అని అడిగింది. "తాగతాంది" అన్నాడు ఆయన. "నేను రంజాన్ అయినాక సెలవు అడిగి వస్తా. అంతవరకు ఎవురికీ ఇయ్యొద్దు నాయనా" అంది.

పెద్దాయన బాండు పేపరును నాలుగు మడతలు చేసి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. మరుసటి సోమవారం మేమిద్దరం సహాయపు దరఖాస్తు కోసం బస్సెక్కాము. ఆధార్ కార్డు, రేషన్ కార్డు, పాప జనన ధ్రువపత్రం తెమ్మన్నారు. తెచ్చాము. ఇంకా మంజూరు కాలేదు, తిరుగుతూనే ఉన్నాము. మీ ప్రార్థనలలో ఆ ఇంటిని జ్ఞాపకం చేసుకోండి. మీ ఊరిలో ఇలాంటి కాగితం ఎవరైనా తెస్తే సంతకం చేయకముందు ఆ తల్లి మాట వినండి.

ప్రభువు కృప మీ కుటుంబములకు తోడై యుండును గాక.

మీ సహోదరుడు,
సంఘ కాపరి, రాయచోటి